గోడకి బిగించిన పెట్టె

పెట్టెని పాలషెడ్డు గోడకి బిగించమని భూమిగలాయన క్రౌదర్ అడిగింది గురువారం పొద్దున. అప్పటికి పాలు పితకడం అయిపోయి, లెన్ పాస్కో గచ్చు కడుగుతున్నాడు.

"శనివారం ముప్పైమంది దాకా వస్తున్నారోయ్," అన్నాడు క్రౌదర్ గుమ్మంలోనే నిలబడి, బూట్లకి పేడనీళ్ళు తగలకుండా కాళ్ళు ఎడంగా పెట్టి. "పాల ఫ్యాక్టరీవాళ్ళు, మోరిన్స్‌విల్ నుంచి పత్రికవాళ్ళు, చుట్టుపక్కల రైతులు. అందరూ మన కంచె చూడ్డానికే. నువ్వేమో దానికి కరెంటిచ్చే సరంజామాని ఆపిల్‌పళ్ళ పెట్టెలో పెట్టి, మీద గోనెసంచి కప్పి, పొలంలో ఏ మూలో పడేస్తావు. ఏం బావుంటుంది చెప్పు? ఇదిగో, ఈ గోడకి బిగించెయ్. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా కనపడాలి."

"రేపటికల్లా బిగిస్తానండీ," అన్నాడు లెన్.

మన కంచె అన్నాడు క్రౌదర్. ఆ మాటకి లెన్‌కి లోపల్లోపల ఎంత సంబరంగా ఉందో చీపురు ఊపడంలోనే తెలిసిపోతోంది. కడిగిన గచ్చునే మళ్ళీ కడిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆ పెట్టెని పొలం నుంచి చంకలో పెట్టుకొచ్చాడు. చూస్తే అందులో ఏముంది? పాత ఫోర్డు కారులోంచి పీకిన కాయిల్ ఒకటి, చెడిపోయిన అలారం గడియారంలోని చక్రం ఒకటి, కింద బ్యాటరీ. చక్రం ఇటూ అటూ ఊగుతూ ఊగినప్పుడల్లా ఓ రాగిమొనని తాకుతుంది. తాకినప్పుడల్లా టిక్కుమంటుంది. టిక్కుమన్నప్పుడల్లా పొలంలో ఆవుల ముక్కెత్తున కట్టిన ఒంటితీగలోకి కరెంటు దెబ్బ వెళ్తుంది. అంతే. కానీ ఆ ఒక్క తీగని రోజూ పొద్దున్నే పది అడుగులు ముందుకి జరుపుతూ, కొత్త గడ్డి కాస్త కాస్త వదులుతూ, పక్క పొలాలవాళ్ళు నలభై ఆవుల్ని మేపలేని చోట లెన్ అరవై రెండింటిని మేపుతున్నాడు.

నాలుగు పొడుగాటి బోల్టులు నోట్లో పట్టుకుని గోడకి బెజ్జాలు పొడుస్తుంటే భార్య మేవిస్ వచ్చింది. చేతిలో పందులకి పోసే విరిగిన పాలబకెట్టు ఉంది.

"బిగించేస్తున్నావా? నిజంగానే?"

లెన్ బోల్టులు నోట్లోంచి తీశాడు. "ఒక్కరోజుకేగా. ఆదివారం విప్పేస్తాను."

"తొమ్మిదేళ్ళుగా అద్దం తగిలించుకోడానికి ఒక్క మేకు కొట్టమంటే కొట్టవు. వంగి వంగి జుట్టు దువ్వుకుని నా నడుం పోయింది."

ఆమె అన్నది అబద్ధం కాదు. మా వైపు వాటాదారు కొంపలో గోడకి మేకుండదు. భూమి ఒకడిది, ఆవులూ కష్టమూ ఇంకొకడివి, మీగడ మీద వచ్చేది చెరిసగం. ఏటేటా జూన్ ఒకటికి ఎవడు ఏ భూమి మీద ఉంటాడో తేలుతుంది. ఆ రోజున వాటాదారు తన ఆవుల్నీ సామాన్నీ తోలుకుపోవచ్చు కానీ, గోడకి ఎక్కిందీ నేలలో దిగిందీ మాత్రం భూమిగలాయనకే. అందుకని క్యాలెండరు అలమర మీద జారగిల్లి ఉంటుంది, పెళ్ళిఫోటో కుర్చీలో కూర్చుంటుంది. కొత్తగా కాపరానికొచ్చిన పెళ్ళానికి వాటాదారు చెప్పే మొదటి ముక్క ఇదే. లెన్ కూడా చెప్పాడు.

"క్రౌదర్ అలాంటివాడు కాదే," అన్నాడు.

"నేనేమైనా అన్నానా?" అంది మేవిస్. ఆమె అనలేదు నిజంగానే. క్రౌదర్ భార్య పోయిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన భోజనం మేవిస్ బల్ల మీదే. ఆమెకి కడుపునొప్పి వచ్చినప్పుడు తన కారులో వెనకసీటంతా దుప్పట్లు పరిచి హామిల్టన్ ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆయనే. ఆమె బకెట్టు కింద పెట్టి, లెన్ బోల్టులు తిప్పుతుంటే పెట్టెని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

శనివారం పొద్దున పొగమంచు పదింటికి గానీ విడలేదు. వచ్చినవాళ్ళు కార్లు రోడ్డు పొడుగునా ఆపుకుని, కోట్ల కాలర్లు పైకెత్తుకుని, మొదట టీ తాగారు. మేవిస్ తెల్లవారకుండా లేచి కాల్చిన స్కోన్ రొట్టెలు పావుగంటలో అయిపోయాయి. తర్వాత క్రౌదర్ అందర్నీ షెడ్డులోకి తీసుకెళ్ళి పెట్టె చూపించాడు. గోడ మీద అది నిజంగానే దర్జాగా ఉంది. అక్కణ్ణించి పెట్టె నుంచి వెళ్ళే తీగ వెంబడి పొలానికి నడిపించాడు. లెన్ అప్పటికే తీగకి అవతల నిలబడి ఉన్నాడు, బిడ్డీ అనే పెద్దావు మెడతాడు పట్టుకుని.

"ముళ్ళకంచెలూ గుంజలూ మోసి మోసి మన నాన్నల నడుములు విరిగాయి," అని మొదలుపెట్టాడు క్రౌదర్. గొంతు బావుంది ఆయనకి. చర్చిలో కూడా ఆయనే చదువుతాడు. "నేను అప్పుడే అనుకున్నాను, గడ్డికి కావలసింది గోడ కాదు, రోజూ కదిలే గోడ అని. ఆవుకి భయం చెబితే చాలు, బలం అక్కర్లేదు అని."

లెన్ ఆ మాటలు తనవని గుర్తుపట్టాడు. రెండు ఆదివారాల కిందట, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ అన్నాడు. మంచిమాట కనుక గుర్తుపెట్టుకున్నాడు పెద్దాయన అని, సంతోషపడాలో మానాలో తెలియక, బిడ్డీ గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు.

"ఇంతకీ చేసిందెవరు క్రౌదర్?" అన్నాడు వెనకనుంచి ఎర్రమెడ ముసలి రైతొకాయన.

"ఆలోచన నాది. నేను చెప్పినట్టు చేతిపని మావాడు చేశాడు." అటు తల కూడా తిప్పకుండా, ఒక వేలితో చూపించాడు.

పత్రికాయన ఫోటో తీస్తానన్నాడు. క్రౌదర్ తీగ పక్కన టోపీ సర్దుకుని నిలబడ్డాడు. "ఆ ఆవుని పట్టుకున్నాయన కొంచెం పక్కకి జరగాలి, మీరు అడ్డొస్తున్నారు," అన్నాడు పత్రికాయన. లెన్ జరిగాడు. ఎందుకు జరిగావని మేవిస్ తర్వాత అడిగింది. మనం పక్కకి జరగమంటే జరిగేవాళ్ళం కదే అన్నాడు. ఖాళీ పళ్ళెం పట్టుకుని వెనకాల నిలబడ్డ ఆమె ఇదంతా చూసింది. నాకు ఆ పళ్ళెం క్రౌదర్ నెత్తిన వెయ్యాలనిపించిందని చాలా ఏళ్ళ తర్వాత మాతో చెప్పింది. వేసి ఉంటే బావుండేది.

వచ్చినవాళ్ళలో క్రౌదర్ మేనల్లుడు డెస్మండ్ కూడా ఉన్నాడు. ఇరవై అయిదేళ్ళవాడు, మరక పడని బూట్లు, చేతిలో నోటుపుస్తకం. అందరూ వెళ్ళాక కూడా లెన్ వెంటే తిరిగాడు. నిమిషానికి ఎన్ని టిక్కులు? తీగ ఎంత ఎత్తు? బ్యాటరీ ఎన్నాళ్ళు నిలుస్తుంది? రాగిమొన అరిగితే? లెన్ ఒక్కటి దాచుకోలేదు. మొన ఎలా సానపెట్టాలో కూడా చేసి చూపించాడు. తెలుసుకోవాలన్న కుర్రాడు దొరికితే పనిమంతుడికి ఒళ్ళు తెలియదు.

ఆదివారం క్రౌదర్ భోజనానికి రాలేదు. మేవిస్ ఆయన పళ్ళెం మూడింటి దాకా పొయ్యి పక్కన వెచ్చగా ఉంచి, తర్వాత కుక్కకి పెట్టింది.

"నిన్నటి అలసట అయ్యుంటుంది," అన్నాడు లెన్.

"మాట్లాడిందానికే అలిసిపోయాడా?" అంది మేవిస్.

పెట్టె విప్పుతానన్న మాట లెన్‌కి గుర్తుంది. పెద్దాయనకి చెప్పకుండా విప్పితే ఏమనుకుంటాడో అని ఆగాడు.

సోమవారం మీగడడబ్బాల కోసం మతియు లారీ వచ్చింది. మతియు నది వంకలో ఉండే మావోరీ కుటుంబంవాడు. పెద్ద ఒళ్ళు, పెద్ద నవ్వు. వారానికి మూడుసార్లు డబ్బాలు ఎత్తుకెళ్తూ మూడు ఊళ్ళ కబుర్లు దింపి వెళ్తాడు. ఆ రోజు డబ్బా ఎత్తుతూ యథాలాపంగా అడిగాడు.

"ఏం బ్రదర్, ఒకటో తారీఖు ఎటు తోలుతున్నావ్? నీ సామాను నేనే దింపుతా, ఇంకెవర్నీ పిలవకు."

"ఎటూ లేదు. ఇక్కడే కదా."

మతియు నవ్వబోయి, లెన్ మొహం చూసి, డబ్బాని మళ్ళీ నేల మీద పెట్టేశాడు.

"నీకు చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"ఫ్యాక్టరీ రిజిస్టర్లో ఈ పొలానికి జూన్ నుంచి డెస్మండ్ పేరుంది. ఫిబ్రవరిలోనే రాయించాడు మీ పెద్దాయన. ఆ కుర్రాడి కోసం అరవై ఆవుల్ని కొని పెట్టాడు కూడా. నువ్వు ఇంకెక్కడో పెద్ద పొలం చూసుకున్నావని నేను..." మతియు టోపీ తీసి తల గోక్కున్నాడు. "నువ్వే వద్దనుకున్నావని చెప్పాడు లెన్, అక్కడ అందరితో."

ఫిబ్రవరి. మా దగ్గర పొలాలు మాట్లాడుకునే నెల అది. మే నెలాఖరుకి ఖాళీగా మిగిలే భూమి ఉండదు. భూమి లేకపోతే ఆవుల్ని కసాయివాడికి అమ్ముకుని, ఇంకొకడి దగ్గర కూలికి చేరడమే. ఆ ఫిబ్రవరిలో కాగితం మాటెత్తితే క్రౌదర్ లెన్ భుజం మీద చెయ్యేసి, "నీకూ నాకూ కాగితాలేమిటోయ్," అన్నాడు. లెన్ ఆ మాట ఇంటికొచ్చి మేవిస్‌కి రెండుసార్లు చెప్పుకున్నాడు.

బూట్లు కూడా కడుక్కోకుండా పెద్దింటికి నడిచాడు. క్రౌదర్ వంటింట్లో టోస్టు తింటున్నాడు. కూర్చోమన్నాడు. లెన్ కూర్చోలేదు.

"నేనే చెబుదామనుకుంటున్నాను," అన్నాడు క్రౌదర్. "సమయం చూసి."

"ఇంకా పది రోజులుందండీ సమయం."

"అలా మాట్లాడకు. అక్క కొడుకు. వాడికీ ఓ దారి చూపించాలి కదా? ఇదివరకైతే ఈ పొలం వాడివల్ల అయ్యేది కాదు, ఒప్పుకుంటాను. ఇప్పుడా తీగ ఉంది. ఒక్కడు చూసుకోగలడు. జీతం మీద ఉంటాడు, వాటా అక్కర్లేదు."

తను రాత్రింబవళ్ళు కూర్చుని చేసిన వస్తువే తనని అవసరం లేకుండా చేసిందన్న సంగతి లెన్‌కి అప్పుడు బోధపడింది. కోపం ఇంకా రాలేదు. సిగ్గేసింది, తనేదో తప్పు చేసి పట్టుబడ్డట్టు.

"ఫిబ్రవరిలో చెప్పి ఉంటే ఇంకో పొలం దొరికేది," అన్నాడు.

"చెబితే నువ్వు మనసుపెట్టి పనిచేసేవాడివా? శనివారం అంత బాగా జరిగేదా?" క్రౌదర్ ఆ మాట నిజాయితీగానే అన్నాడు, అదే ఘోరం. వెన్న రాసుకుంటూ అన్నాడు.

లెన్ ఆయన చేతినే చూశాడు. తర్వాత, "సరే. నా పెట్టె విప్పుకుని వెళ్తాను," అన్నాడు.

క్రౌదర్ కత్తి కింద పెట్టాడు.

"అది గోడ మీదుంది కదోయ్," అన్నాడు మెల్లిగా.

ఇంటికొచ్చి లెన్ ఈ మాట చెప్పినప్పుడు మేవిస్ తొమ్మిదేళ్ళ అద్దం గురించి ఎత్తనైనా ఎత్తలేదు. కుర్చీలోంచి పెళ్ళిఫోటో తీసి, పాత దుప్పటిలో చుట్టి, మొదటి మూట కట్టింది.

జూన్ ఒకటిన మా జిల్లా అంతా రోడ్ల మీదే ఉంటుంది. ఎటు చూసినా మందలు, కుక్కల అరుపులు, మంచాలూ కోళ్ళగూళ్ళూ ఎక్కించిన లారీలు. ఎదురుపడ్డ వాటాదారులు ఒకరినొకరు కేకేసి ఎక్కడికి ఎక్కడికి అని అడుగుతారు. లెన్‌ని కూడా అడిగారు. అతను కర్ర ఎత్తి ముందుకి చూపించాడు.

వెళ్తున్నది మతియు పెద్దమ్మ భూమికి. నది వంకలో నలభై ఎకరాలు, గడ్డి ఉంది, నీళ్ళున్నాయి, పాత షెడ్డొకటి కూలకుండా ఉంది. కంచె మాత్రం ఒక్క గజం లేదు. అందుకే ఎవడూ దాన్ని వాటాకి అడగలేదు. "ఆవులు నిలబడితే ఉండండి," అందట ముసలమ్మ. "నదిలో పడితే నన్ననొద్దు."

లెన్ దగ్గర మిగిలింది చుట్ట చుట్టిన తీగ, బండిలో సన్నటి కర్రలు. పొలంలో తీగ ఏ రోజుకా రోజు జరిపేదే కనుక అది నేలలో దిగినట్టు కాదని క్రౌదర్ కూడా వాదించలేకపోయాడు. సాయంత్రం లోపల నది ఒడ్డుకీ మందకీ మధ్య ఆ కర్రలు గుచ్చుకుంటూ తీగ లాగాడు. మతియు వెనకే కర్రలు అందిస్తూ వచ్చాడు.

"లెన్, దీనికి పెట్టె ఏదీ?"

"లేదు."

"మరెందుకు కడుతున్నాం?"

"తెలీదు," అన్నాడు లెన్. నిజంగానే తెలీదు. చేతులు ఊరుకోలేక కట్టాడు. తీగ చివర ఓ ముళ్ళపొద మొదలుకి చుట్టి ముడేశాడు.

మర్నాడు పొద్దున లేచి తలుపు తీసి, ముందు నదివైపు చూశాడు. తర్వాత లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. అరవై రెండూ తీగకి ఇవతలే, ఇవతలి గడ్డి నున్నగా నాకేసి, అవతలి గడ్డివైపు చూస్తూ నిలబడి ఉన్నాయి. బిడ్డీ ముక్కు తీగకి జానెడు దూరంలో ఉంది.

"మేవిస్!" అని కేకేశాడు. "ఇలా రా! వీటికి తెలీదే! తీగలో ఏమీ లేదని వీటికి తెలీదు!" పది రోజుల తర్వాత అతని గొంతు పైకి లేచింది అప్పుడే.

తొమ్మిదింటికి క్రౌదర్ కారు వచ్చింది. ఆయన దిగుతుంటే మోకాళ్ళ దాకా బురద, కోటు చిరిగి ఉంది. పలకరింపు కూడా లేదు.

"పెట్టెని ఏం చేశావ్?"

"గోడ మీదే వదిలేశాను కదండీ."

"టిక్కుటిక్కుమంటూనే ఉంది, కానీ పనిచెయ్యట్లేదు. నిన్న మధ్యాహ్నం ఆవుల్ని పొలంలోకి వదిలామో లేదో, అరవైయ్యీ కొత్తగా కట్టిన తీగని తెంపుకుని వెళ్ళాయి. పక్కాయన టర్నిప్ మడులన్నీ తొక్కేశాయి. అవి తిని రెండు ఆవులకి కడుపుబ్బింది. పన్నెండు ఆవులు రైలుకట్ట మీద. డెస్మండ్ పట్టాల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. నువ్వు అందులో ఏదో పీకావు."

"పీకలేదు. పెట్టె బాగానే ఉంది. ఆవులే కొత్తవి." లెన్ మామూలుగానే చెప్పాడు, పని గురించి ఎవరు అడిగినా చెప్పినట్టే. "తెలియని ఆవు తీగకి ఒళ్ళు తగిలితే ముందుకే దూకుతుంది, వెనక్కి రాదు. మొదట చిన్న దొడ్లో పెట్టాలి. తీగకి బెల్లప్పాకం పూయాలి. దానంతట అది వచ్చి ముక్కుతో తాకాలి. ఒక్కోదానికి వారం పడుతుంది. వీటన్నిటికీ నాకు రెండేళ్ళు పట్టింది. డెస్మండ్ పెట్టె గురించి అడిగాడు, చెప్పాను. ఆవుల గురించి మీరెవరూ అడగలేదు."

క్రౌదర్ అప్పుడు చూశాడు, మందనీ తీగనీ. తీగ వెంబడి నడిచి, పొద మొదలు దాకా వెళ్ళి, పొద వెనక వంగి చూసి, తిరిగొచ్చాడు.

"ఇంకో పెట్టె చేశావన్నమాట. ఎక్కడ పెట్టావ్?"

"లేదు. ఇది ఉత్త తీగ."

క్రౌదర్ మొహంలో బింకం సడలింది. టోపీ తీశాడు. "లెన్, చూడు. జరిగిందేదో జరిగింది. ఒక్క నెల వచ్చి ఆ కొత్త ఆవులకి నేర్పిపెట్టు. కావాలంటే కాగితం రాసుకుందాం. మీ ఆవుల్ని కూడా తోలుకురా, గడ్డుంది. మేవిస్ కూడా..." ఆమె గుమ్మంలో నిలబడి ఉండటం చూసి ఆగిపోయాడు.

లెన్‌కి వెళ్ళాలనే ఉంది. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, అతనే ఒప్పుకున్నాడు. తొమ్మిదేళ్ళు చెమటోడ్చిన నేల, తను పేరుపేరునా ఎరిగిన గడ్డి. ఇక్కడ షెడ్డు ఏ గాలివానకి కూలుతుందో తెలీదు.

"వస్తాను," అన్నాడు. తీగ దగ్గరికి వెళ్ళి దాన్ని పిడికిలి నిండా పట్టుకున్నాడు. "మీరొచ్చి ఇది పట్టుకోండి. పట్టుకుంటే ఇప్పుడే మీ కారెక్కుతాను."

"ఏమిటిది, చిన్నపిల్లల ఆట?"

"ఇందులో ఏమీ లేదని చెబుతున్నాను. తొమ్మిదేళ్ళలో మీతో ఒక్క అబద్ధం ఆడానా?"

"లేదు," అన్నాడు క్రౌదర్.

"మరి పట్టుకోండి."

క్రౌదర్ కుడిచేతి తొడుగు తీశాడు. రెండడుగులు వేశాడు. చెయ్యి చాపాడు. తీగకి అంగుళం దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. ఆయన తీగని చూడలేదు, లెన్ కళ్ళల్లోకి చూశాడు. తనైతే ఈ మనిషి స్థానంలో ఏం చేసి ఉండేవాడో అది ఆయనకి అక్కడ కనపడి ఉండాలి. ఇంకోసారి ప్రయత్నించాడు, ఇంకోసారి ఆగిపోయింది. తర్వాత చెయ్యి కోటు జేబులో పెట్టేసుకున్నాడు.

"నాకు పనుంది," అన్నాడు. కారువైపు నడుస్తూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

కారు మలుపు దాటే దాకా లెన్ తీగ పట్టుకునే నిలబడ్డాడు. ఈ పది రోజుల్లో పేరుకున్న కోపం పోయింది. కానీ దాని చోట వచ్చిన దిగులు అంతకన్నా బరువుగా ఉంది. ప్రతి ఆదివారం తన బల్ల మీద రొట్టె అందుకున్న చెయ్యి అది. ఇన్నేళ్ళలో తను ఆ మనిషిని నమ్మాడు. ఆయన తనని నమ్మిన రోజు ఒక్కటి కూడా లేదు. తన్నుకొచ్చిన ఏడుపుని ఆపుకోలేదు, ఆవులే కదా చూస్తున్నది అనుకున్నాడు.

మేవిస్ వచ్చి పక్కన నిలబడింది. "నిజంగానే వెళ్ళేవాడివా?"

"వెళ్ళేవాణ్ణి."

ఆమె తీగని అటు చివర పట్టుకుంది. ఇద్దరూ కలిసి కర్రలు ఒక్కొక్కటే పీకి, పది అడుగులు ముందుకి జరిపి గుచ్చారు. ఆవులు ఆగి, తీగ నిలిచాక, మెల్లిగా కొత్త గడ్డిలోకి దిగాయి.